ఒట్టు పెట్టనివాళ్లు: క్వేకర్ల తొలి యాభై ఏళ్లు

అందరికీ నమస్కారం.

క్వేకర్ అనే మాట మనలో చాలామంది మొదట చూసింది ఓట్స్ డబ్బా మీద. టోపీ పెట్టుకున్న పెద్దాయన బొమ్మ ఉంటుంది. క్వేకర్లు నిజానికి పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండులో పుట్టిన ఒక క్రైస్తవ మతసమాజం. ఆ కంపెనీ వాళ్లది కాదు. క్వేకర్ అంటే తూకంలో, మాటలో తేడా రాదని జనానికి నమ్మకం ఉంది కాబట్టి ఆ పేరు తగిలించుకున్నారు. ఆ నమ్మకం ఎక్కణ్నుంచి వచ్చిందో చెబితే ఇవాళ్టి ప్రసంగంలో సగం చెప్పినట్టే.

ఈ మతం పుట్టుక గురించి మామూలుగా వినిపించే కథ చాలా చిన్నది. 1652లో జార్జ్ ఫాక్స్ అనే యువకుడు ఇంగ్లండు ఉత్తరాన పెండిల్ కొండ ఎక్కాడు, ఒక గొప్ప జనసమూహం దర్శనంలో కనపడింది, దిగివచ్చి బోధించాడు, మతం మొదలైంది. ఇందులో అబద్ధం లేదు. కానీ ఈ కథ మనకు ఫాక్స్ జర్నల్ నుంచి వచ్చింది. దాన్ని ఆయన 1675 ప్రాంతంలో చెబుతుంటే వేరొకరు రాసుకున్నారు, అంటే ఇరవై ఏళ్లు దాటాక. అచ్చయింది 1694లో, ఆయన పోయిన తర్వాత, థామస్ ఎల్వుడ్ సంస్కరించి కత్తిరించిన రూపంలో. అప్పటికి ఇబ్బందిగా మారిన మనుషులు, సంఘటనలు అందులో చిన్నవైపోయాయి. కాబట్టి దర్శనం సంగతి అలా ఉంచి, ఆ రోజుల్లో ఇలాంటి గుంపులు డజను పుట్టి పోతే ఇదొక్కటే ఎందుకు మిగిలిందని అడుగుదాం. నా లెక్కలో జవాబు ఇది: వీళ్లు దేన్ని కాదన్నా, దాని చోట ఒక పద్ధతిని కట్టుకున్నారు. కాదనడం అందరూ చేశారు. కట్టుకున్నది వీళ్లే.

ముందు ఆ కాలం. 1642లో రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం మొదలైంది. 1649 జనవరి 30న మొదటి చార్లెస్ తల నరికారు. పుస్తకాల మీద నిఘా సడలింది, ఎవరికి తోచింది వాళ్లు అచ్చువేస్తున్నారు. కానీ ఊరి చర్చికి దశమభాగం మాత్రం కట్టాల్సిందే. పది పనలకు ఒక పన, పది గొర్రెపిల్లలకు ఒక పిల్ల. మన చర్చిల్లో దశమభాగం విశ్వాసి ఇష్టంగా ఇచ్చేది. అక్కడ అది చట్టం. పైగా చాలా ఊళ్లలో ఆ హక్కు పాస్టరు చేతిలో కాక భూస్వాముల చేతిలో ఉండేది. అందుకే దశమభాగం ఇవ్వనన్నవాణ్ని చూసి పాస్టరు కంటే భూస్వామి ఎక్కువ ఉలిక్కిపడ్డాడు.

ఫాక్స్ 1624లో లెస్టర్‌షైర్‌లోని ఫెన్నీ డ్రేటన్‌లో పుట్టాడు. తండ్రి నేతపనివాడు. కుర్రాణ్ని చెప్పులు కుట్టే ఒకాయన దగ్గర పనికి పెట్టారు. ఆ యజమానికి గొర్రెల వ్యాపారం కూడా ఉండేది. 1643లో, 19వ ఏట, ఫాక్స్ ఇల్లు వదిలాడు. నాలుగేళ్లు పాస్టర్ల చుట్టూ తిరిగాడు. ఒకాయన పొగాకు పీల్చి కీర్తనలు పాడమన్నాడట! 1647 నాటికి ఆయనకు అర్థమైంది ఇది: తన స్థితి తెలిసి మాట్లాడగలవాడు క్రీస్తు ఒక్కడే, ఆయన మధ్యవర్తి లేకుండా నేరుగా మాట్లాడతాడు. యోహాను సువార్త మొదటి అధ్యాయంలో ప్రతి మనుష్యుణ్నీ వెలిగించే వెలుగు గురించి ఉందే, దాన్ని ఆయన అక్షరాలా తీసుకున్నాడు. ప్రతి మనిషీ అంటే ప్రతి మనిషీ. అక్కణ్నుంచి మిగతావన్నీ వరసగా ఊడివచ్చాయి. వెలుగు అందరిలో ఉంటే ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ చదువు బోధకుడికి అర్హత ఎలా అవుతుంది? జీతం ఎందుకు? నీళ్ల బాప్తిస్మం, రొట్టె, ద్రాక్షారసం ఎందుకు? ఆడవాళ్లు ఎందుకు మాట్లాడకూడదు? ఆయన తొలి అనుచరుల్లో ముఖ్యురాలు ఎలిజబెత్ హూటన్ అనే నడివయసు స్త్రీ. ఆమె బోధకురాలిగా జైళ్లు చూసింది, ఫాక్స్ బృందంతో సముద్రం దాటి 1672లో జమైకాలో కన్నుమూసింది.

పేరు 1650లో వచ్చింది. డర్బీలో దైవదూషణ కింద ఫాక్స్‌ను పట్టుకున్నారు. దేవుని మాట విని వణకండి అని ఆయన న్యాయాధికారి జర్వేస్ బెన్నెట్‌తో అన్నాడు. ఓహో, వణికేవాళ్లా మీరు, అని బెన్నెట్ ఎగతాళి చేశాడు. క్వేకర్ అంటే అదే అర్థం. వాళ్లు తమను తాము వెలుగు పిల్లలమనో, స్నేహితులమనో చెప్పుకునేవాళ్లు. స్నేహితులు అనే మాట యోహాను 15వ అధ్యాయం నుంచి వచ్చింది. తిట్టు మాత్రం పేరుగా స్థిరపడింది.

ఇప్పుడు 1652కి వద్దాం. పెండిల్ కొండ దిగి ఉత్తరానికి నడిచిన ఫాక్స్ ఖాళీ నేలలో విత్తనం చల్లలేదు. వెస్ట్‌మోర్‌లండ్ ప్రాంతంలో అప్పటికే సీకర్లు, అంటే వెతికేవాళ్లు, గుంపులుగా ఉన్నారు. నిజమైన సంఘం భూమ్మీద ఎక్కడా మిగల్లేదు, దేవుడు మళ్లీ ఎవరినో పంపేదాకా కాచుకుందాం అని కూర్చున్నవాళ్లు. కూడినప్పుడు చాలాసేపు మౌనంగా ఉండేవాళ్లు. క్వేకర్ల గుర్తుగా ఇవాళ అందరూ చెప్పే ఆ మౌన ఆరాధన చాలా మటుకు వీళ్ల దగ్గర ముందునుంచీ ఉన్నదే. జూన్ 13, ఆదివారం. ఫర్బ్యాంక్ ఫెల్ అనే కొండమీద చిన్న చర్చి. పొద్దున లోపల సీకర్ల బోధకుడు ఫ్రాన్సిస్ హౌగిల్ మాట్లాడాడు. ఫాక్స్ లోపలికి పోలేదు. జనం భోజనాలకు వెళ్లినప్పుడు వాగులో నీళ్లు తాగి, పక్కనున్న బండెక్కి కూర్చున్నాడు. మధ్యాహ్నం వెయ్యిమందికి పైగా చేరారు. మూడు గంటలసేపు మాట్లాడాడు. హౌగిల్‌తో సహా బోధకులే ఇటు వచ్చేశారు. బోధకుడు వస్తే వాడి గుంపంతా వస్తుంది. వేగంగా పెరగడానికి కారణం ఇదే.

తర్వాత కొద్దిరోజులకు అల్వర్‌స్టన్ దగ్గర స్వార్త్‌మోర్ హాల్. ఆ ఇంటి యజమాని థామస్ ఫెల్ పెద్ద న్యాయమూర్తి. భార్య మార్గరెట్ ఫెల్ ఫాక్స్ మాట విని చేరింది, భర్త చేరలేదు. కానీ తన ఇంట్లో కూడుకోనిచ్చాడు, 1658లో చనిపోయేదాకా వాళ్లకు నీడగా ఉన్నాడు. నన్నడిగితే పెండిల్ కొండ కంటే ఈ ఇల్లు ముఖ్యం. ఊరూరా తిరిగే బోధకులు ఎక్కడున్నారు, ఎవరు జైల్లో పడ్డారు, ఎవరికి బూట్లు లేవు, ఇవన్నీ ఉత్తరాలుగా ఇక్కడికి వచ్చేవి. అలాంటి ఉత్తరాలు వెయ్యికి పైగా ఇప్పటికీ ఉన్నాయి. 1654లో మార్గరెట్ కెండల్ నిధి ఏర్పాటు చేయించింది. సంఘాల నుంచి చందాలు వసూలు చేయడం, తిరిగేవాళ్ల బట్టలకూ ప్రయాణాలకూ, జైల్లో ఉన్నవాళ్ల తిండికీ ఇవ్వడం. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: అప్పటి జైల్లో ఖైదీ తిండి, పడక, గడ్డి అన్నీ ఖైదీయే కొనుక్కోవాలి. డబ్బు లేకపోతే శిక్ష లేకుండానే చచ్చిపోతాడు. ఆ ఏడే అరవైమందికి పైగా, జంటలు జంటలుగా, దక్షిణానికి బయల్దేరారు. హౌగిల్, ఎడ్వర్డ్ బరో లండన్‌కు, జాన్ క్యామ్, జాన్ ఆడ్‌లండ్ బ్రిస్టల్‌కు. రైతులు, నేతవాళ్లు, దుకాణదార్లు వీళ్లంతా. 1660 నాటికి క్వేకర్ల సంఖ్య 30 వేలని కొందరు, 60 వేలని కొందరు అంచనా వేస్తారు.

ఇంత వేగంలో దెబ్బ తగలకుండా ఉండదు. తగిలింది. జేమ్స్ నేలర్ పార్లమెంటు సైన్యంలో క్వార్టర్‌మాస్టర్‌గా పనిచేసినవాడు, గొప్ప వక్త. లండన్‌లో చాలామంది క్వేకర్ల నాయకుడు ఆయనే అనుకునేవాళ్లు. 1656 అక్టోబరులో వానలో గుర్రమెక్కి బ్రిస్టల్‌లోకి ప్రవేశించాడు. చుట్టూ ఉన్నవాళ్లు పరిశుద్ధుడు, పరిశుద్ధుడు అని పాడుతూ నడిచారు. యేసు యెరూషలేములో అడుగుపెట్టిన తీరు. అందరిలోని క్రీస్తుకు ఇది గుర్తు అన్నాడాయన. పార్లమెంటు దైవదూషణ అంది. మరణశిక్షకు అనుకూలంగా 82, వద్దని 96 ఓట్లు. ప్రాణం దక్కింది కానీ 310 కొరడా దెబ్బలు, నుదుటిపై వాత, నాలుకకు కాల్చిన ఇనుముతో రంధ్రం, ఆపై జైలు. 1659లో విడుదలై మరుసటి ఏడు పోయాడు.

ఇక్కడ పొరపాటు ఎక్కడుంది? వెలుగు ప్రతివాడిలో ఉందన్నారు, సరే. వెలుగు చెప్పిందో తన తిక్క చెప్పిందో తేల్చేది ఎవరు? 1656 దాకా వాళ్ల దగ్గర దీనికి జవాబు లేదు. తర్వాత వాళ్లు కట్టిన కట్టడమంతా ఈ ప్రశ్నకు జవాబే.

దానికి ముందు, వాళ్లను రోజూ జైలుకు పంపిన చిన్న చిన్న సంగతులు. టోపీ. పెద్దవాళ్ల ఎదుట మగవాళ్లు టోపీ తీయాలి. వీళ్లు ప్రార్థనలో దేవుడికి తప్ప తీయమన్నారు. 1656లో లాన్‌సెస్టన్ కోర్టులో టోపీ తీయలేదని ఫాక్స్‌కు, ఆయన తోటివాళ్లకు తలా 20 మార్కులు, అంటే 13 పౌండ్ల పైచిలుకు, జరిమానా పడింది. మోషే నుంచి దానియేలు దాకా బైబిల్లో టోపీ ఎక్కడుందో చూపించమన్నాడు జడ్జి. అగ్నిగుండంలో పడేసిన ముగ్గురినీ టోపీలతో సహా పడేశారు కదా, అన్నాడు ఫాక్స్. వాళ్ల ఇంగ్లిషు బైబిల్లో దానియేలు మూడో అధ్యాయంలో ఆ మాట ఉంది. (నవ్వులు) అయినా జైలు తప్పలేదు.

రెండోది మనకు వివరించక్కర్లేనిది. అప్పటి ఇంగ్లిషులో కూడా నువ్వు, మీరు ఉండేవి. దౌ అంటే నువ్వు, యూ అంటే మీరు. పాలేరుకు నువ్వు, దొరకు మీరు. దేవుణ్ని నువ్వు అంటాం, జడ్జి దేవుడి కంటే పెద్దవాడా అని వీళ్లు అందర్నీ నువ్వు అన్నారు. మన ఊళ్లో కలెక్టరును నువ్వు అని పిలిచి చూడండి, ఆ కోపం ఎలాంటిదో తెలుస్తుంది. విచిత్రం ఏమిటంటే తర్వాత ఇంగ్లిషే దౌను వదిలేసి అందరికీ యూ పెట్టుకుంది. సమానత్వం వచ్చింది, కానీ పై మెట్టు మీద.

మూడోది తేదీలు. వారాల పేర్లు, నెలల పేర్లు అన్యదేవతలవని, మొదటి రోజు, మూడో నెల అని అంకెలు వాడారు. పాత కాగితాలు చదివేవాళ్లు సరిగ్గా ఇక్కడే బోల్తాపడతారు. 1752కు ముందు ఇంగ్లండులో సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, మొదటి నెల అంటే మార్చి. కాబట్టి 1660, 11వ నెల, 21వ తేదీ అని ఉంటే అది నవంబరు కాదు. మార్చి నుంచి లెక్కపెడితే 11వది జనవరి. మన లెక్కలో సంవత్సరం కూడా ఒకటి కలపాలి: 1661 జనవరి 21.

ఈ తేదీ ఊరికే ఎంచుకోలేదు. ఆ నెల మొదట్లో థామస్ వెన్నర్ అనేవాడు లండన్‌లో కత్తులతో తిరుగుబాటు చేశాడు. క్వేకర్లకు సంబంధం లేదు. అయినా నాలుగు వేలమందికి పైగా క్వేకర్లను పట్టుకున్నారు. అప్పుడు ఫాక్స్, రిచర్డ్ హబ్బర్‌థార్న్ ఒక ప్రకటన రాశారు. అచ్చు జరుగుతుండగానే దాన్ని పట్టుకుపోయారు. మళ్లీ రాసి, 12 మంది పేర్లతో కొత్త రాజు రెండో చార్లెస్‌కు ఇచ్చారు. ఏ కారణానికైనా, ఏ నెపంతోనైనా ఆయుధాలతో యుద్ధం చేయం అని. క్వేకర్లు మొదటినుంచీ అహింసావాదులే అనే మాట సరికాదు. తొలివాళ్లలో నేలర్ లాంటి మాజీ సైనికులు ఎందరో. ఫాక్స్ మాత్రం డర్బీ జైల్లోనే సైన్యంలో కెప్టెన్ ఉద్యోగం ఇస్తామంటే వద్దన్నాడు. ఒకరి మనస్సాక్షిగా ఉన్నది అందరి నియమంగా మారింది ఈ 1661లోనే.

అసలు సంగతి, నాలుగోది, ఒట్టు. మత్తయి ఐదో అధ్యాయం, యాకోబు పత్రిక ఐదో అధ్యాయం, రెండు చోట్లా ఒట్టు పెట్టుకోవద్దనే ఉంది. అవునంటే అవును, కాదంటే కాదు. ప్రమాణం చేసి నిజం చెబుతానంటే, చేయనప్పుడు అబద్ధం చెబుతానని ఒప్పుకున్నట్టే కదా అన్నది వాళ్ల తర్కం. ఇదే తర్కం అంగట్లోకి వచ్చింది. ఐదుకు అమ్మదలచి ఏడు చెప్పడం అబద్ధం, కాబట్టి ఒకటే ధర. మొదట్లో బేరం లేని కొట్టుకు జనం రాలేదు. తర్వాత పసిపిల్లను పంపినా మోసం జరగదని వాళ్లే వరస కట్టారు. డబ్బా మీది బొమ్మ వెనక కథ ఇదీ.

కోర్టులో మాత్రం ఒట్టు ఉరితాడు అయింది. పద్ధతి చూడండి. కూడుకున్నారని కేసు పెడతారు. సాక్ష్యం చాలదు. అప్పుడు జడ్జి, సరే, రాజుకు విధేయుడినని ప్రమాణం చేసి పో, అంటాడు. 1606 నాటి ప్రమాణం అది. రాజుకు విధేయుణ్నే, ఒట్టు మాత్రం పెట్టను అంటాడు క్వేకరు. అంతే, అసలు కేసు మాయమై ఈ నిరాకరణే నేరం అవుతుంది. దానికి ప్రెమ్యునైరీ అనే శిక్ష: రాజరక్షణ పోతుంది, ఆస్తి జప్తు, రాజుకు దయ కలిగేదాకా జైలు. 1664లో లాంకాస్టర్‌లో మార్గరెట్ ఫెల్‌కు ఇదే పడింది. నాలుగేళ్లు లోపల ఉంది. అదే కోర్టులో ఫాక్స్ తన అభియోగపత్రంలో తప్పులు ఎత్తి చూపించి దాన్ని కొట్టేయించాడు. జడ్జి అక్కడికక్కడే మళ్లీ ప్రమాణం చేయమన్నాడు! 1666 దాకా ఆయనా లోపలే. 1662లో ప్రత్యేకంగా క్వేకర్ల కోసమే చట్టం వచ్చింది: 16 ఏళ్లు దాటినవాళ్లు ఐదుగురో అంతకు మించో ఆరాధనకు కూడితే మొదటిసారి 5 పౌండ్ల దాకా జరిమానా, రెండోసారి 10, మూడోసారి దేశబహిష్కారం.

జైలు ఒక్కటే కాదు. ఒట్టు లేనిదే సాక్ష్యం లేదు, వీలునామా రుజువు కాదు, అప్పు వసూలుకు దావా నడవదు. కోర్టు తలుపు మూసుకుపోయినవాళ్లు తమ కోర్టు తామే పెట్టుకోవాలి. 1666లో స్కార్‌బరో జైలు నుంచి బయటపడ్డ ఫాక్స్ దేశమంతా తిరిగి ఆ పనే చేశాడు. పక్కపక్క ఊళ్ల ఆరాధన గుంపులన్నీ కలిసి నెలకోసారి మీటింగ్. ఆ పైన జిల్లాకు మూణ్నెల్లకోసారి. ఆ పైన లండన్‌లో ఏడాదికోసారి. తగాదాలు, పేదల సాయం, ఆస్తులు, పెళ్లిళ్లు అన్నీ నెల మీటింగ్‌లో. ఓట్లు ఉండవు. క్లర్క్ ఒకరు కూర్చుని, సభ మనసు ఏమిటో అక్కడికక్కడే రాసి చదువుతారు. అందరూ ఒప్పుకుంటేనే అది నిర్ణయం, లేకపోతే వచ్చే నెలకు. ఒకరి ప్రేరణను పదిమందిలో కూర్చోబెట్టి చూడటం. నేలర్ ప్రశ్నకు జవాబు ఇదే.

పెళ్లి చూడండి, పని ఎంత పకడ్బందీగా ఉందో. జంట నెల మీటింగ్‌లో నిలబడి ఉద్దేశం చెబుతారు. ఇద్దరి తరఫునా విచారణకు మనుషుల్ని వేస్తారు: వేరే ఎవరికైనా మాట ఇచ్చారా, తల్లిదండ్రుల సమ్మతి ఉందా, వితంతువైతే మొదటి భర్త పిల్లల వాటా భద్రంగా పెట్టారా? మరుసటి నెల మళ్లీ వచ్చి చెప్పాలి. అభ్యంతరం లేకపోతే ఒక రోజు ఆరాధన మధ్యలో లేచి, చేయి పట్టుకుని, ఒకరికొకరు మాట ఇచ్చుకుంటారు. పాస్టరు లేడు, ఉంగరం లేదు. పత్రం మీద చూసినవాళ్లంతా సంతకం పెడతారు, 12 మందికి తగ్గకూడదని ఫాక్స్ సలహా. ఇంత కాగితం ఎందుకంటే, చర్చిలో జరగని పెళ్లి పెళ్లే కాదు, పిల్లలకు ఆస్తి రాదు అని బంధువులు దావా వేసేవాళ్లు. 1661లో నాటింగ్‌హామ్‌లో అలాంటి కేసులో జడ్జి ఆర్చర్ ఆ పెళ్లి చెల్లుతుందన్నాడు.

లోపలి గొడవలూ ఉన్నాయి. జాన్ పెరట్ పోపును మార్చడానికి రోముకు పోయి అక్కడ పిచ్చాసుపత్రిలో బందీగా ఉండి 1661లో తిరిగొచ్చాడు. ప్రార్థనలో టోపీ తీయడం మాత్రం ఆచారం కాదా, అదెందుకు, అన్నాడు. తర్కం తిరుగులేనిది! ఫాక్స్ ఒప్పుకోలేదు. 1670లలో జాన్ విల్కిన్‌సన్, జాన్ స్టోరీ ఈ మీటింగుల పెత్తనం ఏమిటి, ఆడవాళ్లకు విడి మీటింగులేమిటి అని వేరుపడ్డారు. వాళ్ల మాటలో న్యాయం లేకపోలేదు. వెలుగు పేరుతో మొదలైనది నియమాల్లోకి వచ్చింది నిజమే. 1673 నుంచి లండన్‌లో ఒక మీటింగ్ ఉండేది, క్వేకర్ల పుస్తకం ఏదైనా అచ్చుకు ముందు అక్కడ చదివి పాస్ చేయాలి. నిఘా సడలినందువల్ల పుట్టినవాళ్లు సొంత నిఘా పెట్టుకున్నారు.

1675-76లో బాధల మీటింగ్ ఏర్పడింది. పేరు వింతగా ఉన్నా పని గుమస్తా పని. ప్రతి ఊరి నుంచీ రావాల్సిన లెక్క: ఎవరిని, ఏ తేదీన, ఏ అధికారి, ఏ చట్టం కింద పట్టుకున్నాడు. బాకీ ఎంత, పట్టుకుపోయిన ఆవు, గింజలు, పాత్రల విలువ ఎంత. చాలాసార్లు బాకీ కంటే జప్తే ఎక్కువ, ఆ తేడాయే పార్లమెంటు ముందు వాళ్ల ఆయుధం. రెండో చార్లెస్ కాలంలో జైళ్లలో నాలుగు వందల మందికి పైగా చనిపోయారని చెప్పగలుగుతున్నామంటే ఈ చిట్టాల వల్లే.

అమెరికా కథ వేరే ప్రసంగానికి చాలుతుంది. 1659, 1661 మధ్య బోస్టన్‌లో నలుగురు క్వేకర్లను ఉరితీశారు, వాళ్లలో మేరీ డయ్యర్ ఒకరు. 1681లో విలియం పెన్ అనే క్వేకరుకు అక్కడి పెన్సిల్వేనియా దక్కింది, తండ్రికి రాజు బాకీపడ్డ 16,000 పౌండ్ల కింద. అదే పెన్‌ను 1670లో లండన్‌లో వీధిలో బోధించినందుకు విచారించినప్పుడు, దోషి అనమని జడ్జి జూరీని తిండి, నీళ్లు లేకుండా రెండు రాత్రులు బంధించాడు. జూరీ లొంగలేదు. తలా 40 మార్కుల జరిమానా వేశారు. వాళ్లలో బుషెల్ అనే ఆయన పోరాడితే, తీర్పు ఇచ్చినందుకు జూరీని శిక్షించకూడదని ప్రధాన న్యాయమూర్తి వాన్ తేల్చాడు.

1689లో ఆరాధనకు స్వేచ్ఛ వచ్చింది. 1691 జనవరిలో ఫాక్స్ లండన్‌లో చనిపోయాడు. ఒట్టు గొడవ మాత్రం తీరలేదు. 1696లో చట్టం ఒక దారి ఇచ్చింది: ప్రమాణం బదులు సర్వశక్తిమంతుడైన దేవుని సన్నిధిలో ప్రకటిస్తున్నాను అనవచ్చు. సగంమంది సంతోషించారు. మిగతావాళ్లు, దేవుడి పేరు వచ్చాక ఒట్టుకూ దీనికీ తేడా ఏముంది అన్నారు. పాతికేళ్లు ఈ ఒక్క వాక్యం మీద చీలి ఉన్నారు. 1722లో దేవుడి పేరు తీసేసి గంభీరంగా, నిజాయితీగా ప్రకటిస్తున్నాను, ధ్రువీకరిస్తున్నాను అనే మాటలు వచ్చాయి. అప్పుడుగానీ అందరూ ఒప్పుకోలేదు. అయినా క్రిమినల్ కేసుల్లో సాక్ష్యానికి ఇంకో వందేళ్లు ఆగాల్సివచ్చింది.

మన రాజ్యాంగం మూడో షెడ్యూలు ఇంగ్లిషు పాఠంలో మంత్రులకు, శాసనసభ్యులకు రెండు దారులు ఉన్నాయి. దేవుని పేరిట ప్రమాణం ఒకటి, గంభీరంగా ధ్రువీకరించడం రెండోది. ఆ రెండో దారిలోని రెండు మాటలూ 1722 నాటి వాక్యంలో ఉన్నవే. మన సభల్లో కొందరు దైవసాక్షిగా అంటారు, కొందరు ఆ మాట వదిలేస్తారు. తెలుగులో మాత్రం ఇద్దరూ ప్రమాణం చేస్తున్నాను అనే ముగిస్తారు. ఫాక్స్ వింటే ఆ రెండో ఆయన్నీ ఆపి అడిగేవాడు.